బాగీ క్రీక్ చూసొచ్చాం

డాలస్‌లో ఉండే తెలుగువాళ్లం లాంగ్ వీకెండ్ అనగానే ఆస్టినో, శాన్ ఆంటోనియోనో పోతాం. మేం ఈసారి ఐ-30 హైవే పట్టుకుని టెక్సార్కానా దాటి, ఆర్కాన్సాలో వెయ్యి మంది జనాభా కూడా లేని ఫౌక్ అనే పల్లెకు వెళ్లాం. కారణం ఒక పాత సినిమా. 1972లో వచ్చిన ‘ద లెజెండ్ ఆఫ్ బాగీ క్రీక్’. ఆ ఊరి కథే అది, బాగీ క్రీక్ అక్కడి ఒక వాగు.

టీనేజ్‌లో ఉన్న పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మతో కలిసి చూడగలిగిన దయ్యం సినిమా ఏదైనా ఉందా అని వెతుకుతుంటే ఇది దొరికింది. అమెరికాలో దీనికి ‘జి’ రేటింగ్ ఇచ్చారు, అంటే చిన్నపిల్లలు కూడా చూడొచ్చన్నమాట. రక్తం, నరకడాలు లేవు. ఒళ్లంతా జుట్టున్న మనిషిలాంటి ఒక జీవి, దాన్ని చూశామని చెప్పే ఊరివాళ్లు, చుట్టూ అడవి. అంతే. అయినా ఆ రాత్రి మా అమ్మాయి కిటికీ తెరలు రెండుసార్లు సరిచూసుకుని గానీ పడుకోలేదు.

డైరెక్టర్ చార్లెస్ బి. పియర్స్ టెక్సార్కానాలో యాడ్లు తీసుకునేవాడు. ఖర్చు దాదాపు 1,60,000 డాలర్లు. అందులో ఎక్కువ భాగం అక్కడి ట్రక్కుల వ్యాపారి పెట్టాడు. పని చేసినవాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల హైస్కూలు పిల్లలే. నటించినవాళ్లలోనూ ఊరివాళ్లే ఎక్కువ, కొందరైతే వాళ్ల పాత్రలో వాళ్లే కనిపిస్తారు. ఈ సంగతి వినగానే ‘పిల్లలు కూడా చేశారా?’ అని మా అబ్బాయి కళ్లు పెద్దవి చేశాడు. ప్రయాణం ఖాయమైంది అప్పుడే.

ఫౌక్‌లో హైవే 71 పక్కనే ‘మాన్‌స్టర్ మార్ట్’ ఉంటుంది. పెట్రోలు బంకుల దగ్గర ఉండే మామూలు దుకాణమే, కాకపోతే ఆ వింత జీవి బొమ్మలతో నిండిపోయింది. లోపల ఒక మూల పాత పేపరు కటింగులు, ఫొటోలు. 1971లో ఇక్కడ ఒకతన్ని రాత్రివేళ ఇంటి వసారాలో ఏదో పట్టుకుందని, విడిపించుకుని తలుపు తెరవకుండానే బద్దలు కొట్టుకుంటూ లోపలికి దూకాడని చెబుతారు. గీరుకుపోయిన గాయాలతో, షాక్‌తో ఆస్పత్రికి తీసుకెళ్లారు. సినిమా చివరి ఘట్టం ఇదే. అదే ఏడాది ఒక సోయా చేలో మూడు వేళ్ల పాదముద్రలు కనిపించాయి.

అమ్మకు ఇదంతా తెలుగులో చెబుతుంటే శ్రద్ధగా విని, ‘మన చెరువుగట్టు మీద కొరివి దయ్యం లాంటిదేరా’ అంది. తర్వాత గొంతు తగ్గించి, ‘చీకటి పడకుండా వెళ్లిపోదామా?’ అంది.

అక్కణ్ణుంచి మెర్సర్ బయూకు వెళ్లాం. సల్ఫర్ నది పరిసరాల్లోని చిత్తడి అడవి ఇది. కదలని నల్లటి నీళ్లలో సైప్రస్ చెట్లు. మొదళ్లు ఉబ్బి, వాటి చుట్టూ వేళ్లు మోకాలెత్తున పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పది గజాల అవతల ఏముందో తెలియదు. ఎండ ఉన్నా ఒడ్డున మసకే. దోమలు మాత్రం చెప్పనలవి కాదు. పడిపోయిన మాను మీంచి తాబేలు ఒకటి నీళ్లలోకి జారింది. ఆ ‘బుడుంగ్’కి నలుగురం ఒక్కసారే అటు తిరిగాం.

సినిమాలో నాకు బాగా నచ్చింది ఎందుకు నచ్చిందో అక్కడే అర్థమైంది. ఆ జీవిని మనకు సరిగ్గా చూపించరు. చెట్ల మధ్య ఒక నీడ, దూరంగా ఒక అరుపు, అంతే. డబ్బు లేక అలా తీసి ఉండొచ్చు. కానీ ఈ అడవి ముందు నిలబడితే అంతకు మించి చూపించడం అనవసరం అనిపిస్తుంది. ఒక టీనేజ్ కుర్రాడు పడవ వేసుకుని, మడుగులో ఒంటరిగా బతికే ముసలాయనకు సరుకులు ఇచ్చివచ్చే సీన్ ఉంది. దయ్యం లేని ఆ సీనే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆ పెద్దాయన అలాంటి జీవే లేదంటాడు. దాన్ని కూడా కత్తిరించకుండా ఉంచడం పియర్స్ నిజాయితీ.

పియర్స్ 2010లో పోయారు. సినిమా కాపీలు చాలాకాలం రంగులు వెలిసిపోయి, గీతలు పడి తిరిగాయి. ఆయన కూతురు పట్టుబట్టి బాగుచేయించి, 2019లో టెక్సార్కానాలో మళ్లీ వేయించారు. చూడాలనుకుంటే ఆ బాగుచేసిన కాపీనే చూడండి, అడవి పచ్చదనం అందులోనే తెలుస్తుంది. డాలస్ నుంచి మూడు గంటలకు కాస్త పైన పడుతుంది. పొద్దున్నే బయల్దేరితే, మా అమ్మ కోరినట్టు, చీకటి పడేలోపు అడవి దాటేయొచ్చు.