ఓల్డ్ స్ట్రీట్ చర్చిలో ఉక్కు చెట్లు

లండన్‌లో నార్తర్న్ లైన్ రైలెక్కి ఓల్డ్ స్ట్రీట్‌లో దిగి, అదే వీధి వెంట పడమటికి కాసేపు నడిస్తే సెయింట్ లూక్స్ చర్చి శిఖరం కనిపిస్తుంది. ఈ ఊరి చర్చిలకు మామూలుగా ఉండే సూది గోపురం కాదు, నిలువు చారలు చెక్కిన ఒబెలిస్కు, అంటే పైకి పోయేకొద్దీ సన్నబడే నాలుగు పలకల రాతి స్తంభం. శిఖరం ఆర్కిటెక్టు నికొలస్ హాక్స్‌మూర్‌ది, కింది కట్టడం మరో ఆర్కిటెక్టు జాన్ జేమ్స్‌ది. లండన్‌కు యాభై కొత్త చర్చిలు కావాలని 1711లో తెచ్చిన చట్టం కింద కట్టినవాటిలో ఇదొకటి, 1733లో పూర్తయింది. యాభైలో లేచినవి పన్నెండే. సర్కారు పథకాల లెక్క అప్పుడూ ఇంతే!

కట్టిన నేల మొదటినుంచీ ఇబ్బంది పెట్టింది. కుంగుదల ఆగక 1959లో చర్చిని మూసేశారు. ఆపైన ప్రమాదమని కప్పు దించేశారు. గొట్టాల్లో గాలి ఊది మోగించే వాద్యం ఆర్గన్, దాని చెక్క పెట్టె సెయింట్ గైల్స్ క్రిపుల్‌గేట్ చర్చికి వెళ్లిపోయింది. దాదాపు నలభై ఏళ్లు మొండిగోడలే మిగిలాయి. లెవిట్ బెర్న్‌స్టైన్ ఆర్కిటెక్టుల చేతుల మీదుగా 2003లో అది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వారి సంగీత విద్యా కేంద్రంగా తెరుచుకుంది. కచేరీలు, రికార్డింగులతో పాటు చుట్టుపక్కల జనం కలిసి వాయించే గామెలాన్ (ఇండోనేషియా లోహ వాద్యాల) బృందానికీ ఇదే చోటు.

హాల్లోకి వెళ్లగానే నేను చూసింది గోడల్ని కాదు, ఉక్కు స్తంభాల్ని. పైకి వెళ్లి కొమ్మల్లా చీలి కప్పును మోస్తున్నాయి. పాత గోడల మీద ఆ భారం పడదు. వీధి రొద లోపలికి రాకూడదంటే కప్పు బరువుగా ఉండాలి. బరువు రెట్టింపు చేస్తే దాటివచ్చే శబ్దం సుమారు 5, 6 డెసిబెళ్లు తగ్గుతుంది. అంత బరువును ఒకసారి కుంగిన గోడ మీద మోపడం కంటే లోపల వేరే కాళ్లు దింపడమే మేలు. స్తంభాలు చూపుకు అడ్డమని గొణిగేవాళ్లుంటారు. నాకు మాత్రం ఇక్కడి అసలు తెలివి అదేననిపించింది.

ఇలాంటి కట్టడం చేతికొస్తే ముందు చేయాల్సింది తవ్వకం కాదు, కొలత. బీటల మీద గేజీలు అతికించి కనీసం ఏడాది పొడవునా చూడాలి. బంకమట్టి ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బుతుంది. కాలాన్నిబట్టి తెరుచుకుని మూసుకునే బీట వేరు, ఏటేటా పెరిగే బీట వేరు. రెండో రకమైతేనే పునాది కింద కొత్త కాంక్రీటు. అదీ మీటరు, మీటరుంబావు ముక్కలుగా, పక్కపక్కవి ఒకేసారి తవ్వకుండా 1, 4, 2, 5, 3 వరసలో. కాంక్రీటుకూ పాత పునాదికీ మధ్య సుమారు 75 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, గట్టిపడ్డాక పొడిపొడిగా కలిపిన సిమెంటు, ఇసుక (1:3) కూరాలి. ఒకేసారి పైదాకా పోసేస్తే కాంక్రీటు ఆరి ముడుచుకున్నాక సందు మిగులుతుంది, గోడ ఆ మేరకు మళ్లీ దిగుతుంది.

లోపలి గోడలకు మళ్లీ గార పూయలేదు. పాత దెబ్బలన్నీ కనిపించేలా ఇటుకను అలాగే వదిలారు. ఖర్చు మిగలడం సరే, ఎగుడుదిగుడు ఇటుక శబ్దాన్ని చెదరగొడుతుంది కూడా. పాత ఇటుక సందులు నింపడానికి సిమెంటు పనికిరాదు. సిమెంటు ఇటుక కంటే గట్టి. తడి సందులోంచి పోలేక ఇటుకలోంచే పోతుంది, ఉప్పు లోపల గడ్డకట్టి ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. దాని బదులు సహజ హైడ్రాలిక్ సున్నం (తడిలోనూ గట్టిపడే రకం) 1 పాలు, గరుకు ఇసుక 2.5 నుంచి 3 పాళ్లు కలపాలి. సందు వెడల్పుకు రెట్టింపు లోతు గీరి, తడిపి, నింపి, తడి గోనెపట్టాలు కప్పాలి. 5 డిగ్రీల కంటే చలి ఉంటే పని ఆపాలి. మన హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల మీద ఎప్పుడో పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం పెట్టిందీ ఈ కారణానికే.

మెట్లు దిగితే భూగర్భ గది. ఇప్పుడక్కడ కెఫే, సాధన గదులు. మరమ్మతుకు ముందు ఇక్కడినుంచీ ఆవరణ నుంచీ వెయ్యి మందికి పైగా మృతుల అవశేషాలను పురావస్తు నిపుణులు నమోదు చేసి తరలించారు. పాత చర్చిల్లో మరుగుదొడ్లుండవు. పెట్టాలంటే మురుగు గొట్టం శ్మశానం మీదుగానే వెళ్లాలి. అంచనాల్లో ‘టాయిలెట్లు’ అని ఒక్క పద్దు రాసి ఊరుకుంటే ఆ పద్దే బడ్జెట్‌ను మింగేస్తుంది. బయట పార్కులో అచ్చక్షరాలు పోతపోసిన విలియం కాస్లన్ సమాధి మాత్రం ఉంది.

ఇక ప్రతిధ్వని. సేబిన్ సూత్రం ప్రకారం గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చే మొత్తం వైశాల్యంతో భాగిస్తే మోత 60 డెసిబెళ్లు తగ్గడానికి పట్టే సెకన్లు వస్తాయి. ఉదాహరణకు 5,000 ఘనపు మీటర్ల హాలుకు 400 చదరపు మీటర్ల పీల్పు ఉంటే 2 సెకన్లు. తీగవాద్యాలకు హాయి, ఉపన్యాసానికి నరకం. 350 మంది కూర్చుంటే మనిషికి అర చదరపు మీటరు చొప్పున 175 చేరి 1.4కు దిగుతుంది. మడతలతో వేలాడే 200 చదరపు మీటర్ల మందపాటి తెరలు ఇంకో 120 దాకా పీలుస్తాయి, అప్పుడు 1.2కు కాస్త లోపు. పెళ్లి విందు, సభ, కచేరీ ఒకే చోట జరగాలంటే ఆ తెరలు లాగి మూసేలా, తీసేలా ఉండాలి. గోడకు శాశ్వతంగా దిండ్లు అతికించేవాళ్లు సభను బతికించి సంగీతాన్ని చంపుతారు.

తలుపుల సంగతీ చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో 60 మందికి మించి వాడే దారిలో తలుపు బయటికి తెరుచుకోవాలి. 220 మందికి 1,050 మిల్లీమీటర్ల వెడల్పు. అంతకు మించితే మనిషికి 5 మిల్లీమీటర్లు. పైగా ఒక దారి మంటల్లో మూసుకుపోయిందనుకుని మిగతావాటితోనే లెక్క కట్టాలి. రెండో తలుపు కోసం పాత గోడ కోయాల్సి రావడం చాలా చోట్ల పథకాన్ని ఆపేస్తుంది.

ఓల్డ్ స్ట్రీట్‌లోనే గ్రేట్ నార్తర్న్ రైలెక్కితే రెండో స్టాపు హైబరీ అండ్ ఇస్లింగ్టన్. ఎదురుగా కాంప్టన్ టెరేస్‌లో యూనియన్ చాపెల్, జేమ్స్ క్యూబిట్ నిర్మాణం, 1877. పద్ధతి పూర్తిగా వేరు. ఇక్కడ ఆరాధన ఆగలేదు, చెక్క బెంచీలు కదల్లేదు, వాటి మీదే కూర్చుని జనం కచేరీలు వింటారు. ఇల్లులేనివాళ్లకు సాయం చేసే మార్జిన్స్ అనే కేంద్రమూ ఇదే ఆవరణలో నడుస్తుంది. బెంచీలు తీయరు కాబట్టి విందులకూ నాట్యానికీ ఆ నేల దొరకదు. తీసి ఉంటే ఇంత అందం మిగిలేదీ కాదు. ప్రసంగ వేదిక వెనక దాగిన, హెన్రీ విల్లిస్ తయారుచేసిన ఆర్గన్ నీటి ఒత్తిడితో గాలి నింపుకుంటుంది. దాని కచేరీ ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. టిక్కెట్లలో సీటు నంబర్లుండని రోజులే ఎక్కువ, కాబట్టి తలుపులు తీసే వేళకే చేరాలి. దిండు కూడా తీసుకెళ్లండి, బెంచీలు గట్టివి.