నా మణికట్టుకు సరిపోయే వాచీ దొరికేదాకా

పోయినేడాది రాఖీ పండక్కి తమ్ముడు బెంగళూరు నుంచి నాకు స్మార్ట్‌వాచీ పంపాడు. ఆ నెలలోనే నాకు బీపీ మాత్రలు మొదలయ్యాయి. "రోజూ 40 నిమిషాలు నడవండి, కాస్త చురుగ్గా నడవండి" అని డాక్టరు గారు అన్నారని వాడితో ఫోన్లో చెప్పానో లేదో, వారం తిరక్కుండా పార్సిల్ వచ్చేసింది. పెట్టుకోగానే మా అమ్మాయి, "అమ్మా, నీ చెయ్యి ఏదీ?" అంది. నేను పట్టించుకోలేదు. వాడు ముచ్చటపడి పంపిన వస్తువు. సైజు గురించి ఒక్క మాట అనడానికి కూడా మనసొప్పలేదు.

మర్నాటి నుంచి విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి వైఎంసీఏ దాకా నడక. మూడో రోజు వాచీ చూసుకుంటే గుండె వేగం 121. నాకు ఆయాసం లేదు, పక్కావిడతో కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నాను. బీపీ మనిషిని కదా, ఒకటే టెన్షన్. అక్కడే ఆగి, రెండు వేళ్లు మణికట్టు మీద పెట్టి 30 సెకన్లు నాడి లెక్కపెట్టాను. 48. అంటే నిమిషానికి 96. మర్నాడూ ఇదే తేడా. ఈసారి అనుమానమొచ్చి అడుగులు లెక్కపెట్టాను. 30 సెకన్లకు 60 అడుగులు పడుతున్నాయి. వాచీ లెక్కపెడుతున్నది నా గుండెను కాదు, నా అడుగులను.

వాచీ వెనక ఆకుపచ్చ లైట్లుంటాయి. ఆ వెలుగును రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడి రక్తం పెరిగి, తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను బట్టే గుండె వేగం చెప్తుంది. వాచీ చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటేనే ఇదంతా కుదురుతుంది. లూజుగా ఉండి అడుగడుక్కీ ఊగుతుంటే, ఆ ఊపునే నాడి అనుకునే ప్రమాదం ఉంది.

ఆ రాత్రి లైటు ఆర్పి పడుకున్నాక ఇంకోటి గమనించాను. దిండు గలీబు మీద సన్నటి ఆకుపచ్చ చార. చెయ్యి కదిపితే చారా కదులుతోంది. వాచీకీ మణికట్టుకీ మధ్య సందులోంచి, చిటికెన వేలి వైపు నుంచి వెలుగు బయటికి వస్తోంది. స్ట్రాప్ ఇంకో రంధ్రం బిగించాను. వెలుగు ఆ పక్క నుంచి ఈ పక్కకు మారింది గానీ ఆగలేదు. తెల్లారేసరికి వాచీ అంచు చర్మం మీద ఎర్రగా అచ్చు పడింది. బిగించడం వల్ల తీరే సమస్య కాదని అప్పుడు తెలిసింది. వాచీయే నా మణికట్టు కంటే పెద్దది. దాని రెండు అంచులూ ఎముక దాటి గాలిలో ఉన్నాయి. అక్కడి నుంచి మొదలయ్యే స్ట్రాప్ చర్మాన్ని తాకకుండానే కిందికి దిగుతోంది.

కానీ ఒక తికమక నన్ను చాలా రోజులు వదల్లేదు. నాకు తెలిసిన చేతి కొలత ఒక్కటే, గాజులది. నావి రెండు ఆరు. అంటే 2 అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు. 60 మి.మీ. గాజు పట్టే చేతికి ఈ 46 మి.మీ. వాచీ ఎలా పెద్దదవుతుంది? దీనికి జవాబు పూర్ణా మార్కెట్లో గాజులు వేయించుకుంటుంటే దొరికింది. గాజులమ్మే ఆవిడ నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ల మొదళ్లలోని ఎముకలను దగ్గరికి నొక్కి, ఒక్కో గాజూ ఒడుపుగా ఎక్కించింది. ఎముకలు దాటడమే ఆలస్యం, గాజు మణికట్టు మీద వదులుగా జారి పడింది. రెండు ఆరు అన్నది అరచెయ్యి దూరడానికి కావలసిన కొలత. మణికట్టుకు దాంతో సంబంధం లేదు.

ఇంటికొచ్చి పూలు కట్టే దారం తీశాను. చిటికెన వేలి వైపు పొడుచుకొచ్చిన ఎముక ఉంటుందే, దానికి ఒక వేలు పైన, మోచేతి వైపు వాచీ కూర్చోవాలి. అక్కడ దారం చుట్టి, పెన్నుతో గుర్తు పెట్టి స్కేలు మీద పరిచాను. 14.6 సెం.మీ. అయితే ఈ చుట్టుకొలత ఒక్కటే చాలదు. ఒకే చుట్టుకొలత ఉన్న ఇద్దరిలో ఒకరిది బల్లపరుపు మణికట్టు, ఇంకొకరిది గుండ్రటిది కావచ్చు. మణికట్టు పైభాగంలో చదునుగా ఉన్న మేర ఎంత అన్నదే అసలు సంగతి. చేతిని టేబుల్ మీద బోర్లా పెట్టి, స్కేలు అడ్డంగా ఆనించి చూశాను. నాది 43 మి.మీ. ఆ తర్వాత రెండు పక్కలా వాలు మొదలవుతుంది.

ఒక పాత శుభలేఖ అట్ట తీసి, మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని కంపాస్‌తో మూడు బిళ్లలు గీసి కత్తిరించాను: 40, 44, 46 మి.మీ. వ్యాసంతో. మణికట్టు మీద పెట్టుకుంటే తేడా కళ్లకు కట్టింది. 46 బిళ్ల రెండు వైపులా గొడుగులా బయటికొచ్చింది. 44 ఒక వెంట్రుకవాసి. 40 చక్కగా ఒదిగింది. వట్టి అట్టకు బరువు ఉండదు కదా, 40 బిళ్ల కింద నాలుగు 10 రూపాయల నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టి టేపు వేశాను. ఒక్కో నాణెం 7.7 గ్రాములు, అంటే మొత్తం 31 గ్రాముల దాకా. చిన్న స్మార్ట్‌వాచీల బరువు దాదాపు అంతే. దాన్ని రబ్బరు బ్యాండుతో చేతికి పెట్టుకుని ఆ పూట వంట చేశాను. చపాతీలు ఒత్తుతున్నప్పుడు ఎక్కడ గుచ్చుకుంటుందో, ఎక్కడ గుచ్చుకోదో తెలిసిపోయింది.

తమ్ముడికి చెప్పక తప్పలేదు. వాడు బాధపడతాడేమోనని భయపడ్డాను గానీ, "అక్కా, 1.43 అంగుళాలు అని ఉంటే చిన్నదే అనుకున్నా" అన్నాడు. చాలామంది మోసపోయేది ఇక్కడే. 1.43 అంగుళాలంటే 36 మి.మీ. పైచిలుకు, వినడానికి చిన్నదే. కానీ అది స్క్రీన్ కొలత మాత్రమే. చుట్టూ ఉన్న అంచు కలుపుకుంటే ఆ వాచీ కేస్, అంటే స్ట్రాప్ కాకుండా అసలు వాచీ, 46 మి.మీ. మన దగ్గర తక్కువ ధర వాచీల డబ్బాల మీద పెద్దక్షరాలతో ఉండేది స్క్రీన్ అంగుళాలే, 1.83 అనీ 2.01 అనీ. చేతికి తగిలేది కేసు. దాని పొడవు, వెడల్పు, మందం కోసం కింద చిన్నక్షరాల్లో వెతుక్కోవాలి. అవి లేకపోతే ఆ వాచీ కొనకండి, ఈ మాట మాత్రం గట్టిగా చెప్తాను.

మిల్లీమీటర్లలో కూడా ఒక మెలిక ఉంది. యాపిల్ వాళ్లు 40, 44 అని చెప్పేది కేస్ ఎత్తు, అంటే 12 నుంచి 6 వైపు కొలత. అది మన మణికట్టుకు అడ్డంగా పడుతుంది. వాళ్ల ఎస్ఈ మోడల్లో 40 మి.మీ. వాచీ ఇంకో వైపు 34 మాత్రమే. ఆ వెడల్పు చేతి పొడుగునా పడుతుంది కాబట్టి, అరచెయ్యి వెనక్కి వంచినప్పుడు ఒత్తుకోదు. గుండ్రటి వాచీ రెండు వైపులా దాదాపు ఒకటే. నా ఫోన్ ఆండ్రాయిడ్ కాబట్టి యాపిల్ నాకు కుదరదు, లేదంటే అదే నా మొదటి ఎంపిక అయ్యేది.

చివరికి శాంసంగ్ గెలాక్సీ వాచ్ 6లో తేల్చుకోవలసి వచ్చింది. అందులో 40, 44 రెండున్నాయి. 40 సైజు కొలతలు 40.4 x 38.8, 44 సైజువి 44.4 x 42.8, మందం రెండింటికీ 9. నా 43కి ఏది సరిపోతుందో కాగితం మీదే తెలుస్తోంది. అయినా షాపుకు వెళ్లాను. అక్కడి అబ్బాయి "44 తీసుకోండి మేడమ్, స్క్రీన్ పెద్దది, ఛార్జింగ్ ఎక్కువ వస్తుంది" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు, 44లో బ్యాటరీ 425 ఎంఏహెచ్, 40లో 300. "లేడీస్‌కి ఇదే మోడల్లో వేరే రంగుంది" అని ఇంకోటి చూపించాడు, అదీ 44 సైజే. డిస్‌ప్లేలో ఉన్నవాటికి వైరు బిగించి ఉంది, స్ట్రాప్ పూర్తిగా పెట్టుకోనివ్వదు. లోపలి నుంచి వైరు లేనివి తెచ్చి పెట్టమని అడిగాను. తెచ్చాడు. రెండింటినీ ఒక్కొక్కటిగా పెట్టుకుని, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. అరచేతులు కలిపితే మణికట్టు పూర్తిగా వెనక్కి వంగుతుంది కదా, 44 అంచు చెయ్యి వెనక గుచ్చింది. 40 గుచ్చలేదు.

నన్ను ఆపింది నా కళ్లు. నాకు 47 ఏళ్లు, చత్వారం వచ్చింది. 40 సైజులో స్క్రీన్ 1.3 అంగుళాలే. కళ్లజోడు లేకుండా బీచ్‌లో మెసేజ్ చదవడం కుదరదని షాపులోనే తెలిసింది. పావుగంట అక్కడే నిలబడి ఆలోచించాను. నాకు వాచీలో కావలసింది టైము, గుండె వేగం, ఎవరి ఫోనో తెలియడం. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి, పెద్ద అంకెలుండే వాచ్ ఫేస్ పెడితే ఈ మూడూ చేతిదూరంలో కనిపించాయి. మెసేజీలకు ఫోన్ ఉంది. చేతికి సరిగ్గా ఆనని పెద్ద స్క్రీన్ మీద తప్పు అంకె ఎంత స్పష్టంగా కనిపించినా నాకేం లాభం? 40 తీసుకున్నాను. రోజూ స్నానానికి వెళ్లేముందు ఛార్జింగ్ పెడతాను, అలవాటైపోయింది.

రబ్బరు స్ట్రాప్ మాత్రం మార్చాను. విశాఖ ఉక్కపోతలో సాయంత్రానికి మణికట్టు కొంచెం ఉబ్బుతుంది. ఒక రంధ్రం బిగువైతే పక్క రంధ్రం వదులు. 20 మి.మీ. గుడ్డ స్ట్రాప్, వెల్క్రోది తీసుకున్నాక ఎంత కావాలంటే అంత సర్దుకుంటున్నాను. నడకకు ముందు కొద్దిగా బిగించి, ఇంటికి రాగానే వదులు చేస్తాను. గాజులు కుడిచేతికి మార్చాను, వాచీ బటన్‌కు తగిలి నడక లెక్క మధ్యలో ఆగిపోతోందని. పెద్ద వాచీ ఇప్పుడు మావారి చేతికుంది. ఆయన మణికట్టు 17.5, అచ్చంగా ఆయన కోసమే కొన్నట్టుంది. తమ్ముడు వీడియో కాల్‌లో అది చూసి సంతోషించాడు.

కొత్త వాచీతో మొదటి రోజు వైఎంసీఏ దగ్గర ఆగి నాడి పట్టుకున్నాను. 30 సెకన్లకు 51. వాచీలో 104. ఆ రాత్రి గలీబు మీద చార లేదు.

అట్ట బిళ్లలు స్కూల్లో మా టీచర్ల చేతుల్లో తిరుగుతున్నాయి. మొన్న తెలుగు మేడమ్ నా దారంతో మణికట్టు కొలుచుకున్నారు. ఆవిడ గాజులు రెండు ఎనిమిది, నాకంటే పెద్ద చెయ్యి. దారం మాత్రం 14 దగ్గరే ఆగింది. "మళ్లీ చూడండి, తప్పేమో" అన్నారు. మళ్లీ చూశాం. 14.