జేన్ నడిచిన దారిలో అమ్మతో

ఇల్లినాయ్‌లో మా సంఘంవాళ్ళు తొలినాళ్ళలో కట్టుకున్న ఊరు నావూ. దాన్ని చూడాలన్నది అమ్మకి ఎన్నో ఏళ్ళ కోరిక. హైదరాబాద్‌లో మా ఇంటి గోడకి ఆ ఊరి దేవాలయం బొమ్మ ఉన్న పాత క్యాలెండర్ ఒకటి ఇప్పటికీ వేలాడుతూనే ఉంటుంది. 2024 అక్టోబర్‌లో అమ్మ షికాగోలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక శనివారం తెల్లవారకముందే పులిహోర డబ్బాలో సర్దుకుని ఇద్దరం కారెక్కాం. దారి పొడవునా కోతకొచ్చిన మొక్కజొన్న చేలు.

మమ్మల్ని అందరూ మోర్మన్లు అంటారు. మా సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. ఆ పూర్తి పేరే వాడమని 2018లో అప్పటి మా సంఘ నాయకుడు, ప్రవక్త రస్సెల్ నెల్సన్ చెప్పాక, అమ్మ నోట మోర్మన్ అన్న మాట మళ్ళీ రాలేదు.

ముందు కార్తేజ్ జైలు వచ్చింది. 1844 జూన్ 27న మా సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్‌నీ ఆయన అన్న హైరమ్‌నీ ఒక గుంపు కాల్చి చంపింది ఇక్కడే. మేడమీద గది తలుపుకి తుపాకీ గుండు చేసిన కన్నం అలాగే ఉంది. అమ్మ చూపుడు వేలు దాని దాకా తీసుకెళ్ళి, తాకకుండా వెనక్కి తీసుకుంది. ఆయన్ని జైలుకి తెచ్చిన గొడవ కూడా అక్కడే అమ్మకి చెప్పాను. రహస్యంగా సాగుతున్న బహుభార్యత్వాన్ని బయటపెడుతూ నావూలో ఒక పత్రిక ఒకే ఒక్క సంచిక వేసింది. జోసెఫ్ మేయరుగా ఉన్న నగర సభ ఆ ప్రెస్సుని ధ్వంసం చేయించింది. జోసెఫ్‌కి చాలామంది భార్యలుండేవారని మా సంఘమే 2014లో తన వ్యాసంలో ఒప్పుకుంది. అమ్మకి ఇది కొత్త కాదు. కానీ ఆ తలుపు ముందు వినడం వేరు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నావూ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మిసిసిపీ అక్కడ పెద్ద వంపు తిరుగుతుంది. మిస్సోరి గవర్నరు 1838లో మా సంఘంవాళ్ళని తరిమెయ్యమని ఉత్తర్వు ఇస్తే, ఆ చలికాలం పారిపోయి వచ్చినవాళ్ళు ఈ బురద నేలని ఎండబెట్టి ఊరు కట్టుకున్నారు. అమ్మ దేవాలయం వైపు చూస్తోంది. నేను మాత్రం మాన్షన్ హౌస్ ఎక్కడా అని వెతుకుతున్నాను. జోసెఫ్, ఆయన భార్య ఎమ్మా కాపురమున్న ఇల్లది. 2024 మార్చిలోనే మరికొన్ని చారిత్రక స్థలాలతో పాటు, జోసెఫ్ నుంచే మొదలైన మరో సంఘం కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ దగ్గర్నుంచి మా సంఘం దాన్ని కొన్నది. నేను అక్కడికి వచ్చింది జేన్ మానింగ్ కోసం.

జేన్ కనెక్టికట్‌లో పుట్టిన స్వేచ్ఛాయుత నల్లజాతి స్త్రీ. 1843లో తనవాళ్ళతో కలిసి నావూకి బయల్దేరితే, బఫెలో దగ్గర పడవ ఎక్కనివ్వలేదు. అక్కణ్ణుంచి 800 మైళ్ళు నడిచారు. చెప్పులు అరిగిపోయి, పాదాలు పగిలి, నేలమీద నెత్తుటి అడుగులు పడ్డాయి. ఆగి ప్రార్థన చేస్తే పాదాలు మానాయని ఆమే చెప్పి రాయించింది. ఈ ఇంటికొచ్చి, ఇక్కడే బట్టలుతికి, ఇస్త్రీ చేసి బతికింది.

"పడవ ఎక్కనివ్వలేదా?" అంది అమ్మ. మా తాతయ్యని ఊరి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఎవరో ఒకరు వచ్చి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. అమ్మకి ఇంకేమీ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

మా ఆదివారం క్లాసులో జేన్ కథ పాదాలు మానడంతో అయిపోయేది. తర్వాత ఏమైందని పదిహేనేళ్ళప్పుడు అడిగితే, అలాంటివి విశ్వాసానికి మంచిది కాదన్నారు ఒక టీచరు. తర్వాతిది నేనే చదువుకున్నాను. 1852లో, జోసెఫ్ తర్వాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగ్ నల్లజాతి పురుషులకి యాజకత్వం లేదన్నారు. నల్లజాతి స్త్రీలకీ పురుషులకీ దేవాలయంలోని ముఖ్యమైన విధులు, అంటే పవిత్ర ఆచారాలు, మూసేశారు. జేన్ యూటా వెళ్ళి, ముసలిదయ్యేదాకా ఆ విధుల కోసం అడుగుతూనే ఉంది. ముద్రించడం అంటే చావు తర్వాత కూడా విడిపోకుండా కుటుంబాన్ని కలిపే విధి. 1894లో ఆమెని జోసెఫ్ కుటుంబానికి నిత్యత్వం కోసం ముద్రించారు, సేవకురాలిగా. ఆ విధికి ఆమెని లోపలికి రానివ్వలేదు. ఆమె బదులు వేరే స్త్రీ నిలబడింది.

"పనిమనిషిగానా? పరలోకంలో కూడానా?" అమ్మ గొంతు వణికింది.

1998లో అమ్మ రెండు బంగారు గాజులు అమ్మి, నాన్నతో కలిసి హాంగ్‌కాంగ్ దేవాలయానికి వెళ్ళింది, మా కుటుంబాన్ని ముద్రించుకోవడానికి. మనవాళ్ళకి అప్పుడు దగ్గరున్నది అదే. ఆ గాజుల గురించి అమ్మ ఎప్పుడూ బాధపడలేదు. జేన్ జీవితమంతా అడిగినది అమ్మకి ఒక్క రోజులో దొరికింది.

ఆ నిషేధం 1978 జూన్‌లో పోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో సమోవా నుంచి ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు హైదరాబాద్ వచ్చి తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. మా ఊళ్ళో సంఘం మొదలైంది అలాగే. ఆ నిషేధం మనవాళ్ళ మీద లేదు, నిజమే. అయినా ఆ రెండు తేదీల మధ్య ఆరు నెలలే ఉండటం నన్ను నిద్రపోనివ్వదు. ఆ నిషేధం వెనకాల చెప్పిన కారణాలన్నీ తప్పని సంఘం 2013లో రాసింది. క్షమాపణ అన్న మాట మాత్రం ఆ వ్యాసంలో లేదు. నాకు ఆ మాట కావాలి. ఈ సంఘాన్ని వదలను కాబట్టే కావాలి.

నది ఒడ్డున జోసెఫ్, హైరమ్, ఎమ్మాల సమాధుల దగ్గర అమ్మ బూట్లు విప్పేసింది. చల్లటి రాతి మీద వట్టి కాళ్ళతో, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, తెలుగులో ప్రార్థించింది. జోసెఫ్ పేరు చెప్పింది, ఎమ్మా పేరు చెప్పింది, చివర్న జేన్ పేరు చెప్పింది. ఆ తర్వాత పార్లీ వీధి వెంట నది దాకా నడిచాం. 1846 ఫిబ్రవరిలో జనం ఊరొదిలి పడమటికి బయల్దేరింది ఆ దారినే. దారిపక్క ఫలకాల మీద వాళ్ళ మాటలున్నాయి. ఒక్కొక్కటీ అమ్మకి తెలుగులో చెబుతూ వెళ్ళాను. సగం దూరంలోనే అమ్మ మడమలు వాచాయి. వెనక్కి పోదామంటే ఒప్పుకోలేదు.

రాత్రి హోటల్లో అమ్మ కాళ్ళకి అమృతాంజనం రాస్తున్నాను. అప్పటికి హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున. అమ్మ తన వార్డులోని, అంటే అక్కడి మా స్థానిక సంఘంలోని, ఉపశమన సమాజం అనే మహిళా బృందానికి వీడియో కాల్ చేసింది. 1842లో ఆ సమాజం మొదలైన ఎర్ర ఇటుకల కొట్టు ఫొటోలు చూపించింది. జేన్ గురించి మొదలుపెట్టింది. పడవ, 800 మైళ్ళు, నెత్తురు, ప్రార్థన. అటు ఎవరో "స్తోత్రం" అన్నారు.

"ఆగు వదినా, ఇంకా ఉంది" అంది అమ్మ. కాస్త గొంతు సవరించుకుని, 1894 సంగతి చెప్పడం మొదలుపెట్టింది.