కాకతీయుల గుళ్ల యాత్ర: రామప్పతో మొదలుపెట్టండి

వరంగల్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందు వేయిస్తంభాల గుడి, కోట చూసుకుని ఎండ ముదిరాక రామప్పకు బయలుదేరతారు. మేం ఆ వరుసను తిరగేశాం. రామప్ప గుడి దాదాపు మనిషెత్తు రాతి పీఠం మీద ఉంటుంది. చెప్పులు కిందే విడిచి ఆ బండల మీదే ప్రదక్షిణ చెయ్యాలి. వేసవిలో పదకొండు దాటిందంటే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. ఎందుకైనా మంచిది, మందపాటి మేజోళ్లు సంచిలో వేసుకోండి.

హన్మకొండ నుంచి ములుగు మీదుగా వెళ్లి, జంగాలపల్లి దగ్గర హైవే వదిలి వెంకటాపూర్ దారి పడితే రామప్ప గుడి ఉన్న పాలంపేట వస్తుంది. మొత్తం 65–70 కిలోమీటర్లు. ములుగు దాకా బస్సులకు లోటు లేదు, ఆ పైనే తక్కువ. అందుకే తిరుగు ప్రయాణం సంగతి ముందే మాట్లాడుకోవాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో ఇదే దారి కిక్కిరిసిపోతుంది కాబట్టి గుడి కోసమే వచ్చేవాళ్లు ఆ వారం మానుకోవడం మేలు.

కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ శివాలయానికి శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. లోపలికి పోయే ముందు బయటే ఒక చుట్టు తిరగండి. గోడ పొడవునా ఏనుగుల వరుస సాగుతుంది. గుడి ఒళ్లంతా ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద ఒరిగి నిలబడ్డ 12 మంది మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, మాత్రం నల్లరాయి. అద్దంలా తేలిన ఆ నునుపు ఎనిమిది వందల ఏళ్ల వానకూ చెదరలేదు. ఒంటికి పాము చుట్టుకున్న నాగిని దగ్గర అందరూ ఆగుతారు. ఎత్తు మడమల పాదరక్షలు తొడిగిన ఆమెను మాత్రం వెతుక్కుని చూడాలి.

లోపల చీకటి, టార్చి తప్పనిసరి. రంగమండపం స్తంభాలపై నగల చెక్కడంలో సూది దూరేంత సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. గర్భాలయం వైపు ద్వారం పక్కన పొన్నచెట్టు మీద వేణుగోపాలుడు ఉన్నాడు. ఆ శిల్పాన్ని వేలితో మెల్లగా తడితే స్వరాలు పలుకుతాయి. నాణెంతో కొట్టే మహానుభావులు కూడా ఉంటారు, వాళ్లలో కలవకండి. నేల అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉంటుంది, పైకి చూస్తూ నడిస్తే తట్టుకుంటారు. పునాది గోతిలో ఇసుక నింపి దానిమీద గుడి నిలిపారు. భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక మింగేస్తుంది. శిఖరానికి వాడినవి నీటిలో తేలేంత తేలిక ఇటుకలు, కాబట్టి కింద బరువూ తగ్గింది.

అక్కడికి సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఘన్‌పూర్ కోటగుళ్లు. ప్రాకారం లోపల 22 గుళ్ల సముదాయం, చాలావరకు శిథిలం. జనం పలచగా ఉంటారు, కొంచెం నిదానంగా చూడొచ్చు. నీళ్లు వెంట తెచ్చుకోండి.

తిరిగి హన్మకొండ చేరాక వేయిస్తంభాల గుడి. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల ఆలయం ఇది: శివుడు, విష్ణువు, సూర్యుడు. ఎదుట ఉన్న కల్యాణమండపం కుంగిపోతే 2006లో రాయి రాయీ విప్పేశారు. మళ్లీ నిలబెట్టి 2024లో తెరిచారు. పాత రాళ్ల మధ్య కొత్తగా చెక్కి అతికినవి రంగు తేడాతోనే తెలిసిపోతాయి.

కోటకు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లాం. ఒక కీర్తితోరణం (రాతి స్వాగత ద్వారం) దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరగడం ఇక్కడ మామూలే. తోరణాలు నాలుగు, నాలుగు దిక్కుల్లో ఉన్నాయి. వాటి నడుమ నేలమట్టమైనది స్వయంభూ శివాలయం. దాని దూలాలు, స్తంభాల ముక్కలు గడ్డిలో పరిచి ఉన్నాయి. తోరణాల కొసన హంసలుంటాయి, పడమటి ఎండలో వాటి ఈకల గీతలు బాగా తేలతాయి. కాలినడకన నాలుగూ చుట్టి రావడానికి గంటన్నర పెట్టుకోండి.