కప్పు బాదం ఎన్ని గ్రాములు?

ఏ రూపంలో ఉందో చెప్పకుండా కప్పు బాదం ఎంత బరువంటే జవాబు లేదు. 240 మిల్లీలీటర్ల కప్పులో ముక్కలు చేయని బాదం సుమారు 143 గ్రాములు పడుతుంది. నిలువుగా చీల్చిన పలుకులైతే 108, పల్చటి రేకులైతే 92, పొడి అయితే 95 దగ్గర. గింజ అదే, మారేది మధ్యలో ఇరుక్కునే గాలి. రేకులు అడ్డదిడ్డంగా పడి ఒకదాన్నొకటి ఆపుకుంటాయి, అందుకే కప్పు నిండినట్టు కనిపించినా లోపల సగానికి పైగా ఖాళీయే.

తరిగితే బరువు ఎప్పుడూ తగ్గుతుందనుకోకండి. వాల్‌నట్ దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ముడతలు పడ్డ సగాలు కప్పుకు 100 గ్రాములే పడతాయి. తరిగితే ముక్కలు సందుల్లోకి సర్దుకుని 117 దాకా వస్తాయి. పొడి చేస్తే మళ్లీ 80కి దిగుతుంది, వదులుగా పడి మధ్యలో గాలి నిలుస్తుంది కాబట్టి. జీడిపప్పు 130 నుంచి 137, పిస్తా పప్పు 123, వేరుశనగ 146. ఇవన్నీ ఒలిచిన పప్పు లెక్కలు. పెంకుతో కొనే వాల్‌నట్, పిస్తాల్లో చేతికొచ్చే పప్పు దాదాపు సగం బరువే.

తప్పు జరిగేది ఎక్కువగా పొడి దగ్గర. కేకుకు కప్పున్నర బాదం పొడి కావాలంటే దాదాపు 143 గ్రాములు. కానీ ముక్కలు చేయని బాదం లెక్క చూసుకుని 214 గ్రాములు పొడి కొట్టి కలిపారనుకోండి, 70 గ్రాములు అదనంగా పడ్డట్టే. పిండి బిగుసుకుపోయి, పైకి లేవక, నూనె చిమ్మే కేకు వస్తుంది. అప్పుడు ఓవెన్‌ను తిట్టుకుని లాభం లేదు. పొడిని నొక్కి నింపితే కప్పుకు 20 గ్రాములు కూడా పెరగొచ్చు. చెంచాతో వదులుగా వేసి, చాకు వెనకవైపుతో అంచు వెంట గీయండి. కప్పును నేలకేసి తట్టకండి.

‘కప్పు తరిగిన వాల్‌నట్లు’ అంటే తరిగాక కొలవాలి. ‘కప్పు వాల్‌నట్లు, తరగాలి’ అంటే ముందే కొలవాలి. రెంటికీ 17 గ్రాముల తేడా. వంటకం రాసినవాళ్లే పట్టించుకోకపోవచ్చు గానీ, బిస్కెట్లలో తేడా తెలుస్తుంది, పైన చల్లుకునేదానికి తెలియదు.

ఇక కప్పు సంగతి. కొన్ని సెట్లలో 240, కొన్నింట్లో 250 మిల్లీలీటర్లు. అడుగున ఉన్న అంకె చూడండి. 250 అయితే పై లెక్కలకు నాలుగు శాతం కలపాలి, 143 కాస్తా 149 అవుతుంది.

నా మాట వింటే మీ కప్పుకు మీరే పట్టిక రాసుకోండి. ఖాళీ గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేయండి. వదులుగా నింపిన కప్పును అందులో పోసి తూచండి. మూడుసార్లు చేసి సగటు రాసి, డబ్బా మీద అంటించండి. రెండు మూడు గ్రాముల తేడా ఉంటుంది, ఫరవాలేదు. చెంచాడు పప్పు లాంటి తక్కువ బరువులకు మామూలు వంటింటి కాటాను నమ్మకండి. డబ్బాను కాటా మీద పెట్టి, సున్నా చేసి, అందులోంచి తీస్తే ఎంత తగ్గిందో మైనస్‌లో కనిపిస్తుంది, అది నయం. వేయించిన పప్పు తేమ పోయి కాస్త తేలికవుతుంది. వంటకం అడిగింది పచ్చిదా, వేయించిందా చూసుకుని ఆ స్థితిలోనే తూచండి.