ఒకటి నుంచి మొదలెడితేనే ఆరు

పక్షవాతం వచ్చి నాన్నకు కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. మంచినీళ్ళు కావాలంటే చెంబు వైపు చూస్తూ "అది... అది..." అంటారు. మనిషి మాత్రం మునుపటిలాగే ఉన్నారు. పేకాటలో నేను తప్పు ముక్క వేస్తే నవ్వుతారు.

ఒకరోజు టైమెంత అని అడిగా. గడియారం చూశారు. తెలిసింది, నోటికి రాలేదు. వేళ్ళు మడుస్తూ "ఒకటి, రెండు, మూడు..." అని మొదలుపెట్టి ఆరు దగ్గర టక్కున ఆగారు! చైత్రం అని అందిస్తే ఫాల్గుణం దాకా గుక్క తిప్పుకోరు. బట్టీ పట్టినవి ఇలా మిగలడం మామూలేనని థెరపిస్ట్ చెప్పారు.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్ చూసిన రోగి ఏం అడిగినా "టాన్, టాన్" అనేవాడు. ఎదుటివాళ్ళ మాటలు చాలావరకు అర్థమయ్యేవి. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. నాన్న స్కాన్‌లోనూ మచ్చ ఎడమవైపే.

చుట్టాలకి ఇదంతా ఎవరు చెప్తారు? నిన్న ఒకాయన ఎదురుగా కూర్చునే "మతి పోయినట్టుంది, పాపం" అన్నాడు. నాన్న నోటి నుంచి స్పష్టంగా ఒక బూతు వచ్చింది. తిట్లు కూడా అలాగే మిగులుతాయట. అమ్మ వంటింట్లోకి పోయి నవ్వుతూ ఏడ్చింది.