వేరు వేరు సీట్లలో యాళ్పాణం దాకా

కొలంబోలోని పెట్టా బస్టాండులో యాళ్పాణం (జాఫ్నా) బస్సెక్కి, వెనక తలుపు దగ్గర సీటు చూసుకొని కూర్చున్న పది నిమిషాలకే నేను అక్కరలేని మర్యాద ఒకటి చేయబోయి భంగపడ్డాను. నా పక్కన అరవై దాటిన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. ఆయన భార్య మాత్రం ఎక్కడో ముందు, డ్రైవరు వెనక వరుసలో కిటికీ పక్కన కూర్చున్నారు. ఇద్దరూ కలిసే వచ్చారు, కలిసే సంచులు పైకెత్తారు. సీట్లు పక్కపక్కన దొరకలేదు కాబోలుననుకొని, "అయ్యా, నేను ముందుకు వెళతాను, అమ్మగారిని ఇక్కడికి రమ్మనండి" అన్నాను, చెన్నైలో ఆరేళ్ళు ఉద్యోగం చేసి సంపాదించుకున్న అరకొర తమిళంలో. ఆయన నవ్వి చెయ్యి అడ్డంగా ఊపి, "మేమెప్పుడూ ఇలాగే కూర్చుంటాం తంబీ" అన్నారు. మొగుడూ పెళ్ళాల అలక మధ్యలో దూరానేమోనని నోరు మూసుకున్నాను.

శ్రీలంక వెళ్ళివచ్చినవాళ్ళు సిగిరియా గురించీ, కాండీ దంతాలయం గురించీ, గాల్ కోట గురించీ ఎలాగూ రాస్తూనే ఉన్నారు కనుక ఆ ఐదు రోజుల సంగతి నేను రాయను. సార్క్ దేశస్థులకు టికెట్టు ధర తగ్గిస్తామని ఊరించి కూడా సిగిరియా బండ ఎక్కడానికి వేలల్లో లంక రూపాయలు గుంజుతారనీ, ఎండకు తాళలేక కిందికి వచ్చి తాగే కొబ్బరిబోండం దగ్గర మిగిలిన చిల్లర కూడా వదులుతుందనీ మాత్రం చెప్పి ఊరుకుంటాను. నన్ను ఇంటికొచ్చాక కూడా వదలనిది ఆ బస్సు ప్రయాణమే.

బస్సెక్కేముందు తెల్లవారుజామున నన్ను వెల్లవత్త నుంచి పెట్టా దాకా దింపిన సింహళ ఆటో డ్రైవరు, దేశం ఇప్పుడెలా ఉందని నేనడిగిన పాపానికి, దారంతా ఆ ఒక్క విషయమే చెప్పాడు. నేను కొలంబోలో దిగడానికి కొద్ది రోజుల ముందే, 2025 ఫిబ్రవరి 19న, హల్ఫ్ట్స్‌డార్ప్ కోర్టు హాల్లో, లాయరు వేషంలో వచ్చినవాడొకడు, లోపల తొలిచిన పుస్తకంలో దాచి తెచ్చిన తుపాకీతో విచారణకు తెచ్చిన ముఠా నాయకుణ్ణి కాల్చి చంపాడు. కోర్టులోనే కాల్చుకుంటున్నారంటే ఇక భద్రత ఎక్కడిదని నేననుకుంటూ ఉండగానే అతను, "ఇప్పుడు చాలా సేఫ్ సార్, వాళ్ళూ వాళ్ళూ కాల్చుకుంటున్నారు, మన జోలికి రారు" అన్నాడు. అతని లెక్కలో భయానికి ఒకటే కొలత: ఎవరికి తగులుతుందో తెలియని బాంబు. 2009 మే నెలలో సైన్యానికీ తమిళ పులులకూ (ఎల్టీటీఈ) మధ్య యుద్ధం ముగిశాక పదేళ్ళు హాయిగా నిద్రపోయామనీ, 2019 ఏప్రిల్ 21న ఈస్టరు ఆదివారం చర్చీల్లోనూ పెద్ద హోటళ్ళలోనూ బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోవడంతో ఆ నిద్ర పోయిందనీ, మళ్ళీ ఇప్పుడిప్పుడే కునుకు పడుతోందనీ చెప్పాడు. 2022 ఆర్థిక సంక్షోభంలో పెట్రోలు కోసం మూడు రోజులు ఆటోలోనే పడుకొని వరుసలో కాచుకున్నానంటూ, అది కడుపు మంటే గాని ప్రాణభయం కాదని తానే సర్దిచెప్పుకున్నాడు. మీటరు వేయలేదు గాని మాటలు మాత్రం ఉచితంగానే చెప్పాడు. ఆ ఆటో కిరాయి తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతూనే ఉంది.

పుత్తళం దాటాక బస్సు ఒక హోటలు ముందు ఆగింది. ముందు సీటులోని ఆవిడ లేచి వచ్చి, సంచిలోంచి పలచని ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన రెండు పొట్లాలు తీసి, ఒకటి భర్తకూ ఒకటి నాకూ ఇచ్చి, మారుమాట లేకుండా తన సీటుకు వెళ్ళిపోయారు. పొట్లం విప్పితే ఇడియాప్పం, ఎర్రగా నూరిన కొబ్బరి సంబల్, ఒక కోడిగుడ్డు. సంబల్ కారం మా జగిత్యాల కారానికి ఏమాత్రం తీసిపోలేదు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే చూసి జాలిపడ్డారేమో, పెద్దాయన తానే అసలు సంగతి విప్పారు.

ఆయనది యాళ్పాణం పక్కనున్న చావకచ్చేరి. ఉద్యోగమంతా కొలంబోలోనే, ఫోర్టు ప్రాంతంలో గుమాస్తాగా గడిచింది. 1996 జనవరి 31న పేలుడు పదార్థాలు నింపిన లారీ సెంట్రల్ బ్యాంకు మీదికి దూసుకెళ్ళి 90 మందికి పైగా చనిపోయిన పూట ఆయన రెండు వీధుల అవతల టీ తాగుతున్నారు. అదే ఏడాది జూలైలో దెహివల దగ్గర లోకల్ రైల్లో బాంబులు పేలాయి. అప్పటికి వాళ్ళకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ రైలు సంగతి విన్న రాత్రి భార్యాభర్తలు ఒక మాట అనుకున్నారు, ఇక మీదట ఇద్దరం ఒకే బస్సులో గాని ఒకే రైల్లో గాని వెళ్ళకూడదని. ఒకరు పోయినా పిల్లలకు మరొకరు మిగలాలి. కొలంబోలో చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి ఉండేదట, సింహళ, తమిళ ఇళ్ళన్న తేడా లేకుండా. అయితే తమిళుడైనందుకు ఆయనకు ఇంకొక భయం అదనం. పేలకముందు బాంబు భయం, పేలిన తర్వాత పోలీసు భయం. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో పోలీసు ఠాణాలో రాయించిన కాగితాన్ని గుర్తింపు కార్డుతో కలిపి చొక్కా జేబులో పెట్టుకోనిదే గుమ్మం దాటేవారు కాదట.

"పదమూడేళ్ళు వేరు వేరు బస్సుల్లో తిరిగాం. యుద్ధం అయిపోయాక ఒకే బస్సెక్కుతున్నాం, కాని పక్కపక్కన కూర్చుంటే ఆవిడకు ఊపిరాడదు" అన్నారాయన, నవ్వుతూనే. పిల్లలిద్దరూ ఇప్పుడు కెనడాలో సంసారాలు చేసుకుంటున్నారు. ఎవరి కోసం వేరుగా కూర్చున్నారో వాళ్ళు ఎదిగి ఎగిరిపోయినా సీట్లు మాత్రం కలవలేదు. నేను ఇడియాప్పం నములుతూ ముందు వరుసలో ఆవిడ తలలోని కనకాంబరాల వైపు చూస్తూ ఉండిపోయాను.

అనురాధపురం, వవునియా దాటి ఓమంతై చేరేసరికి ఆయన కిటికీలోంచి ఖాళీ స్థలమొకటి చూపించారు. కాల్పుల విరమణ కాలంలో ఇటు సైన్యం, అటు పులులు ఎవరి తనిఖీ కేంద్రం వాళ్ళు పెట్టుకొని ఉండేవారు. సంచులన్నీ దింపి, విప్పి, మళ్ళీ కట్టుకొని నడిచి అవతలికి పోతే అక్కడ ఇంకొకసారి విప్పాలి, పైగా పులులకు పన్ను కట్టాలి. యుద్ధం ముగిశాక కూడా ఆరేళ్ళు, 2015 దాకా, సైన్యం తనిఖీ కొనసాగింది. ఇప్పుడు మా బస్సు కనీసం వేగం కూడా తగ్గించలేదు. అలాంటప్పుడు దేశం భద్రంగా ఉన్నట్టే కదా అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కొలంబోవాడికి రోడ్డు మీద సైనికుడు కనిపించకపోతే భద్రత అనీ, చావకచ్చేరిలో ఉన్న తన అక్కకు శిబిరం ఇంకా పొలం పక్కనే ఉంటే అది భద్రత ఎలా అవుతుందనీ అడిగారు. "మా అక్క మూడు రకాల సైన్యాలను చూసింది తంబీ. వాళ్ళవాళ్ళు, మావాళ్ళు, మీవాళ్ళు" అన్నారు. మీవాళ్ళంటే 1987 నుంచి 1990 దాకా అక్కడున్న మన శాంతిసేన. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో నాకు తెలియలేదు గాని, ఆ తర్వాత చాలాసేపు నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

కిళినొచ్చిలో కందస్వామి గుడి వైపు వచ్చేసరికి ముందున్న ఆవిడ పైట తల మీదికి లాక్కొని దండం పెట్టారు. గుడికే అనుకున్నాను. యుద్ధంలో మాయమైపోయిన బిడ్డల ఫోటోలు పట్టుకొని 2017 ఫిబ్రవరి 20న తల్లులు నిరసన మొదలుపెట్టిన చోటు అదేననీ, వాళ్ళలో ఆవిడ పెద్దమ్మ కూతురు కూడా ఉందనీ పెద్దాయన తర్వాత చెప్పారు. ఆనైఇరవు ఉప్పు కయ్యలు దాటి ముహమాలై దగ్గరికి వచ్చాక తలలు తెగిన తాటిచెట్లు మొదలయ్యాయి, ఫిరంగి గుండ్లకు మట్టలు ఊడిపోయి స్తంభాల్లా మిగిలినవి. వాటి కింద పుర్రె బొమ్మ వేసిన ఎర్రబోర్డులు కనిపించాయి, మందుపాతరలు ఇంకా పూర్తిగా తీయలేదని.

ఆ బోర్డులు చూసే నేను నోరు విప్పాను. మందుపాతర అన్న మాట మా జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళకు కొత్త కాదు. తొంభైలలో నేను బడికి వెళ్ళే రోజుల్లో మా నాన్న చెప్పిన మొదటి ప్రయాణ సూత్రం, పోలీసు ఎక్కిన బస్సు దిగిపొమ్మని. రాత్రి అన్నలు వచ్చి అన్నం పెట్టమంటే పెట్టకుండా ఉండలేము, తెల్లారి పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావంటే జవాబు చెప్పలేము. ఒకసారి ధర్మపురి బస్సులో ఖాకీ చొక్కా మనిషి ఒకరు ఎక్కగానే లోపల మాటలన్నీ ఆగిపోయాయి. మా పక్కింటి మామ, ఊరు ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా, గంట కొట్టించి నా చెయ్యి పట్టుకొని దింపేశాడు. తీరా చూస్తే ఆ మనిషి ఆర్టీసీ డ్రైవరు, డ్యూటీ దిగి ఇంటికి పోతున్నాడు. ఎండలో మూడు కిలోమీటర్లు నడిచాం. మా అబ్బాయికి ఇది చెబితే హాస్యకథ అనుకొని నవ్వుతాడు, నవ్వగలిగినందుకు నాకూ సంతోషమే.

పెద్దాయన అంతా విని, "మరి ఇప్పుడు నువ్వెక్కడ కూర్చుంటావు?" అని అడిగారు. నేను తలుపు వైపు చూశాను. ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నా నేను వెనక తలుపు దగ్గరే కూర్చుంటానని, మా ఆవిడ అది గాలి కోసం అనుకుంటుందని అప్పుడే నాకు తట్టింది.

చావకచ్చేరిలో ముందు తలుపు నుంచి ఆవిడ, వెనక తలుపు నుంచి ఆయన దిగారు. కింద ఒకరి సంచి ఒకరు అందుకున్నారు.

యాళ్పాణంలో రెండు రోజులున్నాను. 1981లో 97,000 పుస్తకాలతో కాలిపోయి, తిరిగి కట్టుకున్న గ్రంథాలయం తెల్లగా, శుభ్రంగా ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళితే ఆడపిల్లలు పోటీపరీక్షల పుస్తకాలు చదువుకుంటున్నారు, కిటికీల దగ్గర చోటు కోసం పోటీలు పడుతూ. నల్లూరు గుడి దగ్గర ఐస్‌క్రీం బాగుంది, ధరే బాగాలేదు.

తిరుగు ప్రయాణం రైల్లో. అనురాధపురం దాటాక చేతిసంచి సీటు మీద వదిలి మరుగుదొడ్డికి వెళ్ళివచ్చేసరికి, ఎదుటి వరుసలో నలుగురూ మాటలు మానేసి నా సంచి వైపే చూస్తున్నారు. ఒడిలో పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకున్న సింహళ యువతి దాన్ని వేలితో చూపించి "ఓయాగెద?" అంది. నాదేనని తల ఊపాను. నలుగురూ ఒక్కసారిగా నవ్వేశారు, ఆ అమ్మాయి నవ్వుతూనే నాకొక అరటిపండు ఇచ్చింది. యుద్ధం ముగిసేనాటికి ఆమె బడిపిల్ల అయి ఉంటుంది. కొలంబో ఫోర్టు స్టేషను వచ్చేదాకా ఆ సంచి నా ఒళ్ళోనే ఉంది, పక్క సీటు ఖాళీ అయ్యాక కూడా.